నాలుగు వందల ఇరవై బాతులు

యూనివర్సిటీ బాలికల హాస్టల్,
నిర్మల్ రోడ్డు.
నవంబర్ 12

ఇక్బాల్ ఆపాకు,

దసరాకు ఇంటికి వచ్చినప్పుడు ఇచ్చిన మాట నిలబెట్టుకుంటున్నాను. నీ చెవికి మిషన్ పెట్టినప్పటి నుంచి ఫోన్‌లో మాట్లాడితే అది కూతపెడుతున్నది, నా మాట సగం నీకు అందడం లేదు. ఉత్తరానికి ఆ బాధ లేదు. రజాక్ అన్న కళ్ళజోడు లాక్కుని చదువుతావని తెలుసు కాబట్టి అక్షరాలు పెద్దగా రాస్తున్నాను.

ఇక్కడ చలి మొదలైంది. దీని ముందు మన శాలిబండ చలి ఒక చలే కాదు. పొద్దున కిటికీ తెరిస్తే ఎదురుగా ఉన్న లైబ్రరీ కనబడదు. వేడినీళ్ల కోసం బకెట్లు పట్టుకుని వరసలో నిలబడతాం. ముందూ వెనకా ఇరవై రెండేళ్ల పిల్లలు, నడుమ యాభై నాలుగేళ్ల నేను. చేరిన రోజున గేటు దగ్గర అంజన్న అనే కాపలాదారు, ‘బిడ్డను దింపనీకి వచ్చిండ్రా అమ్మా?’ అని అడిగాడు. ‘కాదు బిడ్డా, నేనే దిగనీకి వచ్చిన’ అన్నాను. ఇప్పటికీ నన్ను చూస్తే నవ్వుతాడు.

నా గదిలో ఖుష్బూ అని కిషన్‌బాగ్ పిల్ల. జంతుశాస్త్రం ఎమ్మెస్సీ. నన్ను ఆంటీ అంటుంది. దేనికీ విసుక్కోదు. నేను తెలుగు ఎమ్మే పాఠాలు పైకి చదువుకుంటుంటే చెవుల్లో దూది పెట్టుకుని తన పాఠం తను చదువుకుంటుంది.

శీతాకాలపు కార్యక్రమాలంటూ నోటీసు బోర్డు నిండా కాగితాలు అంటించారు. పరుగు పందెం, నాటకాలు, స్టేషన్ దగ్గర పడుకునేవాళ్లకు దుప్పట్లు పంచడం, చెరువు మీద పక్షుల లెక్క, జనవరిలో మూడు రోజుల చలి పండుగ. పిల్లలందరూ పేర్లు రాశారు. నేను రాయలేదు. ఈ వయసులో ఎందుకులే అనిపించింది.

మా ఆయన ఎట్లా ఉన్నారు? సీటొచ్చిందని చెప్పిన నాడు, ‘ఈ వయసుల హాస్టలేంది, బజార్ల నలుగురు ఏమంటరు’ అన్నారు. అంతే, ఆ మాటే ఆఖరు మాట. దసరాకు వచ్చినప్పుడు కూడా, ‘అన్నం పెట్టమను’ అని మా అబ్బాయి అభిషేక్‌తో చెప్పించారు. ఎదురుగా నేను గిన్నె పట్టుకుని నిలబడే ఉన్నాను. తిట్టినా బాగుండేది ఆపా.

చదువు బాగానే సాగుతున్నది. ఫికర్ చేయకు.

నీ విమల

*

శాలిబండ,
నవంబర్ 21

చెల్లె విమలకు దువా.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ‘చదువు బాగానే సాగుతున్నది’ అన్న వాక్యం దగ్గర నీ అక్షరాలు చిన్నవైపోయాయి. ఎందుకో నువ్వే చెప్పాలి.

మీ ఆయన సంగతి అడిగావు. పోస్ట్‌మన్ మా తలుపు కొట్టిన కాసేపటికే మన రెండిళ్ల నడిమి గోడ మీది నుంచి తొంగి చూశాడు.

‘ఉత్తరమా ఆపా?’

‘అవును భాయ్.’

‘ఎవరిది?’

‘నీకు తెల్వదా ఎవరిదో?’

తువ్వాలు ఆరేసినట్టు, తీసినట్టు, మళ్లీ ఆరేసినట్టు చేశాడు. ‘ఆడ చలి గిట్ల మస్తున్నదంటనా?’ అన్నాడు.

‘ఫోన్ చేసి నువ్వే అడుగు.’

‘నేనెందుకు అడుగుత’ అని లోపలికి పోయాడు.

మర్నాడు పొద్దున మా గుమ్మంలో ఒక సంచి. అందులో ఉన్ని స్వెటరు, రెండు జతల మేజోళ్లు. దుకాణానికి పోతూ పోతూ, ‘మీరు పంపినట్టు పంపుండ్రి. నా పేరు రాయకుండ్రి’ అన్నాడు. సరేనన్నాను. కానీ నేను నీకు అబద్ధం రాయను. అవి ఆయన కొన్నవే. రంగు చూస్తేనే నీకు తెలిసిపోతుంది, ఆడవాళ్లెవరూ అంత గోధుమరంగు కొనరు.

ఇంట్లో సామాన్లన్నీ అటూ ఇటూ పడి ఉన్నాయి, సున్నాలు వేయిస్తున్నాం. మా కొడుకు మాజ్ ఆదివారం ఆదివారం వచ్చి చూసి పోతున్నాడు. అందుకే జవాబు ఆలస్యమైంది.

నోటీసు బోర్డు మీద ఏదో ఒకదానికి పేరు రాయి. వయసంటావా, పది మార్కుల ప్రశ్నకు ఎవరూ నీకు వయసు చూసి పదకొండు వేయరు కదా. అట్లాగే ఆటకు కూడా వయసు చూడరు. నేను పదో తరగతిలో పరుగు పందెంలో ముందొచ్చాను. ఆ ఎండాకాలమే నిఖా అయింది. ఇంక ఎవరూ పరిగెత్తమని అడగలేదు. నిన్ను అడుగుతున్నారు. అదీ తేడా.

నీ ఆపా

*

యూనివర్సిటీ బాలికల హాస్టల్,
డిసెంబర్ 2

ఆపా,

స్వెటరు వేసుకునే రాస్తున్నాను. చేతులు రెండంగుళాలు పొడుగున్నాయి. నా కొలత ఆయనకు ఎప్పుడూ తెలియదు. అయినా విప్పబుద్ధి కావడం లేదు.

నువ్వన్నట్టు నాటకానికి పేరిచ్చాను. వెళ్లగానే, ‘ఆంటీ, మీకు నాయనమ్మ వేషం, మేకప్ కూడా అక్కర్లేదు’ అన్నారు. మంచి పిల్లలే, చెడు మనసుతో అనలేదు. ఒకటే మాట ఉంది ఆ వేషానికి, ‘వచ్చావా నాయనా’ అని. రెండు రోజులు రిహార్సల్ చేసి, మోకాళ్ల నొప్పని చెప్పి మానుకున్నాను. ఇంట్లో ముప్పై ఏళ్లుగా అంటున్న మాటే అది. మళ్లీ అనడానికి ఇంత దూరం రావాలా?

ఇప్పుడు అసలు సంగతి. నా అక్షరాలు ఎందుకు చిన్నవయ్యాయని అడిగావు. ఛందస్సు పరీక్షలో ముప్పైకి ఏడు మార్కులు వచ్చాయి. గురువు, లఘువు అని పద్యాన్ని ముక్కలు చేసి గణాలు కట్టాలి. పక్కనున్న పిల్లలు వేళ్ల మీద టకటకా చెప్పేస్తారు. నేను మొదటి పాదం దాటేలోపు గంట కొడతారు. క్లాసులో అందరికన్నా తక్కువ నాకే. సారు పేపరు ఇస్తూ, ‘పర్వాలేదమ్మా’ అన్నారు. అందరినీ కోప్పడ్డారు, నన్ను ఒక్కదాన్నే పర్వాలేదన్నారు. అది నాకు తట్టుకోవడం కష్టమైంది.

అందుకని ఒక నిర్ణయానికి వచ్చాను. ఈ నెల ఇరవై నాలుగున సెలవులిస్తారు. వచ్చేస్తాను, మళ్లీ రాను. ఆయనకు అప్పుడే చెప్పకు. బజారు వాళ్లు ఏమనుకుంటారో అనుకోనీ. పొద్దున ఆయన దుకాణానికి పోగానే గోడ దగ్గర నిలబడి నిన్ను కేకేసి, ఇద్దరం ఛాయ్ తాగుతూ మాట్లాడుకుంటే నాకింకేం కావాలి? ముప్పై ఒక్క ఏళ్లు అట్లాగే గడిచాయి. మిగతాది కూడా గడుస్తుంది.

విమల

*

శాలిబండ,
డిసెంబర్ 8

విమలా,

రావద్దు.

సెలవులకు రా, నాలుగు రోజులుండి పో. మానేసి మాత్రం రావద్దు. ఛాయ్ కోసం, నా కోసం అయితే అసలే రావద్దు. నేను గోడ పక్కన పాతిన రాయిని కాను, నువ్వు ఎప్పుడొస్తే అప్పుడు అక్కడే ఉండడానికి.

సారు పర్వాలేదన్నాడని ఏడుస్తున్నావు. పోయి, ‘నాకు పర్వా ఉంది సార్, మళ్లీ నేర్పండి’ అని చెప్పు. నోరు లేదా నీకు? తూకంలో తేడా వచ్చిందని మొత్తం గల్లీ వినేటట్టు కూరగాయలవాడితో లొల్లి పెట్టుకున్న విమల ఎక్కడికి పోయింది?

కోపంగా రాస్తున్నాను, కోపంగానే చదువుకో. ఇంక రాయను.

ఇక్బాలున్నీసా

*

యూనివర్సిటీ బాలికల హాస్టల్,
డిసెంబర్ 15

ఆపా,

నువ్వు సంతకంలో పూర్తి పేరు రాసిన ఉత్తరం అందిన రోజున నేను అన్నం తినలేదు. ముప్పై ఏళ్లలో నువ్వు నన్ను అట్లా కసిరింది లేదు. పాతిన రాయిని కానన్నావు. ఎప్పుడు అన్నాను నిన్ను రాయివని? రెండు రోజులు నీ మీద కోపంగానే ఉన్నాను. మూడో రోజు సారు దగ్గరికి పోయి, నువ్వు చెప్పిన మాటే చెప్పాను. ఆయన, ‘రేపటి నుంచి క్లాసయ్యాక అరగంట కూర్చోండి’ అన్నారు. సెలవులైనా సరే, ఇరవై ఆరున నాకు మళ్లీ పరీక్ష పెడతామన్నారు. అది ఒక సంగతి, ఇప్పుడు ఇంకొకటి చెప్తాను.

నిన్న ఆదివారం పక్షుల లెక్క. అది ఖుష్బూ వాళ్ల విభాగం పని. ప్రతి చలికాలం ఎక్కడెక్కడి నుంచో బాతులు, కొంగలు వచ్చి మా క్యాంపస్ చెరువులో దిగుతాయట. ఏ రకం ఎన్ని వచ్చాయో లెక్కగట్టి రాసుకుంటారు. నేను ముఖం ముడుచుకుని పడుకుని ఉంటే ఖుష్బూ దుప్పటి లాగేసింది. ‘లేవుండ్రి ఆంటీ, రాసుకోనీకి ఒకరు తక్కువైన్రు. పెన్ను పట్టుకుంటే చాలు’ అంది.

పొద్దున ఆరున్నరకు చెరువు గట్టుకు చేరాం. ఒకటే పొగమంచు. నీళ్లెక్కడో గట్టెక్కడో తెలియదు. వాసవాంబ అని వాళ్ల ప్రొఫెసర్, నా వయసే ఉంటుంది, తలకు మఫ్లరు చుట్టుకుని అందరికీ దుర్భిణులు ఇస్తున్నది. ఎండ పొడ తగలగానే మంచు విడిపోయింది. చూస్తే నీళ్ల మీద సూదిలాంటి తోకల బాతులు, చాప పరిచినట్టు. పిల్లలు ఒకటి, రెండు, మూడు అని మొదలుపెట్టారు. యాభై దాటకముందే ఏదో చప్పుడైంది, గుంపంతా ఒక్కసారి లేచింది. చెరువు చుట్టూ ఒక చుట్టు తిరిగి అవతలి గట్టు వైపు పోయింది. అంతా కలిపి ఒక నిమిషం ఉంటుందేమో.

‘ఎన్ని?’ అని అడిగింది మేడమ్. ఒకరు రెండు వందలన్నారు, ఒకరు వెయ్యి అన్నారు. నేను పెన్ను పట్టుకుని నిలబడి ఉన్నాను కదా, నోరు జారి, ‘నాలుగు వందల ఇరవై’ అన్నాను.

పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. ‘చార్ సౌ బీస్ అంటున్నది ఆంటీ’ అని ఒకడు. మోసగాళ్లను అనే అంకె కదా, నాకూ నవ్వొచ్చింది. మేడమ్ మాత్రం నవ్వలేదు. ‘ఎట్లా చెప్పారు?’ అని అడిగింది.

పెళ్లయిన కొత్తలో మా గోదాములో నేర్చుకున్నది, చెప్పాను. లారీలో విస్తరాకుల కట్టలు వస్తే దింపి లెక్కబెట్టేంత టైము ఉండదు. ‘పది కట్టలను కంటితోటి పట్టుకో. ఆ పది ఎంత జాగ పట్టిందో చూడు. అదే జాగను పరుచుకుంట పో’ అని ఆయన నేర్పారు. మొదట్లో తప్పు చెప్తే నవ్వేవారు. ఏడాది తిరిగేసరికి నేనే ఆయన కన్నా దగ్గరగా చెప్పేదాన్ని. ఇక్కడ కట్టలకు రెక్కలొచ్చాయి, అంతే.

ఒక పిల్లవాడు గుంపు లేచినప్పుడు ఫోటో తీశాడట. మధ్యాహ్నం దాన్ని కంప్యూటర్‌లో పెద్దది చేసి, ఒక్కో బాతు మీద చుక్క పెడుతూ లెక్కబెట్టారు. నాలుగు వందల పదకొండు.

సాయంత్రం మెస్సులో ఎవరూ నవ్వలేదు. వరసలో నా వెనక ఉన్న పిల్ల, ‘విమలక్కా, మాక్కూడా నేర్పుతవా?’ అంది. ఆంటీ పోయి అక్క వచ్చింది చూశావా? చలి పండుగలో పక్షుల లెక్క గురించి చెప్పే పది నిమిషాల్లో ఐదు నిమిషాలు నేను మాట్లాడాలని మేడమ్ అంటున్నది.

మానేసే సంగతి పండుగ అయ్యేదాకా వాయిదా వేశాను. నీ కోపం తగ్గిందా?

విమల

*

వైకుంఠం విస్తరాకుల దుకాణం,
శాలిబండ.
డిసెంబర్ 21

విమలకు,

నాకు ఉత్తరాలు రాసుడు రాదు. సరుకు పంపుమని తప్ప ఎవలకు రాయలె. మాట్లాడినట్టే రాస్తున్న, తప్పులుంటె సదురుకో.

బాతుల సంగతి ఆపా సదివి వినిపించింది. ఎగిరేటియి కద, తొమ్మిది ఎక్కువ చెప్పినా తప్పు కాదు. నేనైతె నాలుగు వందల యాభై అందును.

అసలు సంగతి వేరే ఉన్నది. ఆపా వాళ్లు ఇల్లు ఖాళీ జేస్తున్నరు. రజాక్ భాయ్ అన్నదమ్ములు ఇల్లు అమ్మి పంచుకుంటున్నరు. మాజ్ చాంద్రాయణగుట్ట దిక్కు ఫ్లాట్ తీసుకున్నడు, జనవరి పదిహేడున పోతున్నరు. సున్నాలు గిన్నాలు ఏం లెవ్వు. కొలతలకు మనుషులు వస్తుంటె నీకట్ల రాసింది. నీకు తెలిస్తె చదువు ఇడిశిపెట్టి ఉరికొస్తవని ఆమె భయం. నాతోటి ఒట్టు ఏపిచ్చుకున్నది, చెప్పొద్దని.

ఒట్టు తప్పుతున్న. ముప్పై ఏండ్ల దోస్తానా. నువ్వు వచ్చి తలుపు కొడితె కొత్తోళ్లు తీస్తె ఎట్లుంటది నీకు. అది నేను సూడలేను. తెలువకుండ ఉంచుడు న్యాయం కాదు.

ఇంకో మాట. నువ్వు పోయినంక నేను మాట్లాడలే. కోపం అనుకున్నవ్. కోపం నెల దినాలు ఉన్నది, నిజమే. ఆ తర్వాత ఎట్ల మొదలు పెట్టాలెనో తెల్వక ఊకున్న. ఎన్ని దినాలు ఊకుంటె అంత కష్టమైతది మాట.

చదువు మధ్యల ఇడిశిపెట్టి వస్తె ఆపా నన్ను బతకనియ్యదు. రాకు.

వైకుంఠం

*

యూనివర్సిటీ బాలికల హాస్టల్,
డిసెంబర్ 28

ఆపా,

‘నేను నీకు అబద్ధం రాయను’ అని రాసి, దాని కిందనే సున్నాలు వేయిస్తున్నామని రాశావు. ఆ ఉత్తరం ముందు పెట్టుకునే ఇది రాస్తున్నాను.

ఆయన మీద కోప్పడకు. ఒట్టు తప్పి మంచి పని చేశారు. ఆయన ఉత్తరం అందిన రోజున సంచి సర్దుకున్నాను. మర్నాడు పొద్దున మొదటి బస్సుకు బయల్దేరుదామని. ఖుష్బూ తలుపుకు అడ్డం నిలబడింది. ‘ఎల్లుండి పరీక్ష ఉన్నది కద అక్కా. రేపు పోతే మీ ఆపా తలుపు తీస్తదా?’ అని అడిగింది. తీయవు. నువ్వు కచ్చితంగా తీయవు. అందుకే సంచి విప్పేశాను. సెలవులకు కూడా రాలేదు. ఇరవై ఆరున పరీక్ష రాశాను. ముప్పైకి పద్దెనిమిది. ఈసారి సారు, ‘నాలుగో పద్యంలో ఇంత తప్పు ఎట్లా చేశారు’ అని కోప్పడ్డారు. ఎంత హాయిగా ఉందో.

కానీ నీతో నా పోట్లాట తీరలేదు. నీ ఇల్లు పోతుంటే నువ్వొక్కదానివే అల్మారాలు ఖాళీ చేసుకుంటూ, నాకు స్వెటరు, ధైర్యం పంపిస్తూ కూచున్నావు. నాకు ఏడు మార్కులొస్తే అది నీ కష్టం. నీ గోడ పోతే అది నా కష్టం కాదా? పాతిన రాయిని కానని ఎందుకు రాశావో ఇప్పుడు అర్థమైంది.

ఆపా, ఇంక ఒకటే అడుగుతున్నాను, కాదనకు. జనవరి పదో తారీఖు చలి పండుగలో ఇంటివాళ్లు రావచ్చు. నువ్వు, రజాక్ అన్న రండి. శాలిబండ మనిషిగా ఒకసారి నా దగ్గరికి రా. ఆ తర్వాత ఎక్కడికి పోయినా పో. ఆయనకు కూడా చెప్పు. నేను వేరే ఉత్తరం రాశాను, ఐదు వాక్యాలే. మొదలుపెట్టడం నాకూ కష్టంగానే ఉంది.

నీ విమల

*

చాంద్రాయణగుట్ట,
జనవరి 26

చెల్లె విమలకు బోలెడు దువా.

ఇదే నా కొత్త చిరునామా, కవరు వెనక పూర్తిగా రాశాను. సున్నాల మాట అబద్ధమే, మాఫ్ చేయి. మా అత్తగారు పోయిన నాడు ఆమె ఎంతో మంచిదని అందరితో అన్నప్పుడు కూడా నేను అంత పెద్ద అబద్ధం ఆడలేదు. ఇంక ఆడను. కాబట్టి పండుగ నాడు నువ్వు స్టేజీ మీద ఉండి చూడలేనివి ఉన్నవున్నట్టు రాస్తున్నాను.

మైకులు ఒకటే గోల. చెవి మిషన్ తీసి కొంగున ముడేసుకున్నాను. నీ మాట ఒక్కటీ వినబడలేదు. ఆ గోధుమరంగు స్వెటరు చేతులు మడిచి, గాలిలో ఏదో పట్టుకున్నట్టు, దాన్ని చాప లాగా పరిచినట్టు నువ్వు చూపిస్తుంటే చూశాను. ఖుష్బూ నా పక్కన కూచుని, నువ్వు చెప్పేది కాగితం మీద రాసి చూపిస్తున్నది. మీ ఆయన నా అటు పక్క. ‘ఈ లెక్క నాకు మా ఇంటాయన నేర్పిండు’ అని ఆ పిల్ల రాయగానే ఆయన ఆ కాగితం వైపు వంగాడు. చెవులతో విన్నదాని మీద నమ్మకం లేనట్టు, రాసింది మళ్లీ చదివాడు. వెనక వరసలో ఒకాయన భుజం తట్టి, ‘మీరేనా సార్?’ అన్నాడట, ఖుష్బూ తర్వాత చెప్పింది. ‘అవు, శాలిబండల విస్తరాకుల దుకాణం’ అని జవాబిచ్చాడట, ఏదో ఆర్డరు తీసుకుంటున్నట్టు. ఖుష్బూను అడిగి ఆ కాగితం తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

తర్వాత మీరిద్దరూ చెరువు గట్టు మీద చాలాసేపు నిలబడ్డారు. నేనూ రజాక్ సాబ్ బఠాణీలు తింటూ దూరంగా కూచున్నాం. ఏం మాట్లాడుకున్నారో నేను అడగను. తిరుగు బస్సులో ఆయన కిటికీ పక్కన కూచుని ఏ నీటిగుంట కనబడినా తల తిప్పి చూస్తూనే ఉన్నాడు.

పదిహేడున ఇల్లు ఖాళీ చేశాం. నువ్వు రాలేదు, మంచిదే. వచ్చి ఉంటే ఇద్దరం ఏడ్చి పని చెడగొట్టేవాళ్లం. మీ ఆయన ఆ పూట దుకాణం మూసి, సామాన్లు ఎక్కించేదాకా లారీ దగ్గరే నిలబడ్డాడు. తాళం ఇచ్చేశాక నేను కొంచెం ఏడ్చాను, దాచను.

ఇక్కడ నాలుగో అంతస్తు. గాలి బాగుంది, కిటికీలోంచి ఫ్లైఓవర్ కనబడుతుంది. కానీ ఎవరి తలుపు చూసినా మూసే ఉంటుంది. వారం రోజులు ఎవరితో మాట్లాడాలో తెలియలేదు. మాజ్ మంచివాడే, వాడి పనికి వాడు పోతాడు. పగలంతా గోడలు కొత్త రంగు వాసన వేస్తుంటే కూచుని ఉన్నాను. నిన్న ఆదివారం ఎవరో తలుపు కొట్టారు. తీస్తే మీ ఆయన. చెమటలు కక్కుతున్నాడు ఇంత చలిలో. పక్క బిల్డింగులో నాలుగంతస్తులు ఎక్కి, ఎవరి ఇంట్లోనో రజాక్ భాయ్ ఉన్నాడా అని అడిగి, దిగి, మళ్లీ ఇక్కడ ఎక్కాడట.

‘ఫోన్ చేస్తే చౌరస్తా కాడికి నేనొచ్చి తోలుకొస్తుంటి కద భాయ్’ అన్నారు రజాక్ సాబ్.

మంచినీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి ఆయన అన్న మాట ఇది, అక్షరం తప్పకుండా రాస్తున్నాను.

‘అట్లయితే నాకు దారెట్ల తెలుస్తది? సెలవులకు బస్సు దిగంగనే ఆమె ముందుగాల ఈడికే వస్తది. తోలుకొచ్చేది నేనే కద.’

ఛాయ్ తాగి, చౌరస్తా నుంచి ఎన్ని మలుపులో రజాక్ సాబ్‌ను రెండుసార్లు అడిగి చెప్పించుకుని వెళ్లాడు. నేను కిటికీలో నిలబడి చూశాను. మొదటి మలుపు దగ్గర ఆగి, అటూ ఇటూ చూసి, కుడివైపుకు తిరిగాడు. ఈసారి దారి తప్పలేదు.

నీ ఆపా